పాత మాన్యువల్ కెమెరాలు, లెన్సులు: మీ చేతిలో ఎక్కువగా ఉండేది ఏది?

గాజుకన్ను

పాత ఫిల్ము కెమెరాల మీద ఎక్కడ చర్చ మొదలైనా ఏది కొనాలి, ఏది గొప్పది అన్న పోలికల దగ్గరే ఆగిపోతోంది. కొన్నాక వాడటంలో ఉన్న ఆనందం గురించి మాట్లాడుకునే చోటు ఒకటి ఉండాలనిపించి ఈ థ్రెడ్ తెరిచాను. మీ దగ్గర ఏ బాడీ ఉంది, దాని మీద ఎప్పుడూ ఉండే లెన్సు ఏది, దాన్ని ఎందుకు వదల్లేకపోతున్నారు, తీరిగ్గా రాయండి.

ముందు నాది చెబుతాను. 1964లో వచ్చిన పెంటాక్స్ స్పాట్‌మాటిక్, దాని మీద సూపర్ తకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4. ఈ లెన్సు ఫోకస్ రింగు ఒకసారి తిప్పినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే బిగువుతో, ఎక్కడా పట్టేయకుండా, ఎక్కడా జారిపోకుండా తిరుగుతుంది. లోపల లోహపు మరలు ఒకదానిలో ఒకటి తిరుగుతూ గాజును ముందుకీ వెనక్కీ జరపడం వేళ్లకు తెలుస్తుంది. ఇప్పటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్ కెమెరా) లెన్సుల్లో చాలావాటికి రింగు తిప్పితే మోటారుకు కబురు వెళ్తుంది, మోటారు గాజును జరుపుతుంది. పని జరుగుతుంది, కాదనను. కానీ చేతికీ గాజుకీ మధ్య ఎవరూ లేకపోవడంలో ఉన్న హాయి వేరు.

దీని మీటర్ (వెలుతురు కొలిచేది) వాడే పద్ధతి కూడా నాకు ఇష్టం. లెన్సు పూర్తిగా తెరిచి ఉండగానే ఫోకస్ చేస్తాం. తర్వాత మౌంటు (లెన్సు బిగించే చోటు) పక్కనున్న స్విచ్చి పైకి నెడితే ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) మనం పెట్టిన అంకెకు మూసుకుంటుంది, వ్యూఫైండర్ మసకబారుతుంది, కుడి అంచున ముల్లు కదులుతుంది. అది మధ్యకి వచ్చేదాకా ఎపర్చర్ రింగో షట్టర్ డయలో తిప్పాలి. ఆ మసకలోనే బొమ్మ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా స్పష్టంగా ఉంటుందో కూడా కనిపిస్తుంది. తర్వాతి కెమెరాల్లో ఈ మెట్టు తీసేశారు, వేగం పెరిగింది. నాకు మాత్రం ఆ రెండు మూడు సెకన్లలోనే అసలు ఈ ఫొటో తీయాలా వద్దా అన్నది తేలిపోతుంది. తీయకుండా కెమెరా దించేసిన సందర్భాలే ఎక్కువ. వాటి గురించి బాధ ఎప్పుడూ లేదు.

షట్టర్‌శబ్దం

మంచి థ్రెడ్ గాజుకన్ను గారూ. నాది నికాన్ ఎఫ్‌ఎం2. 1982లో వచ్చింది. పూర్తిగా మెకానికల్, అయినా సెకనులో 4000వ వంతు వరకూ షట్టర్ స్పీడు ఉంది. ఆ వేగం కోసం షట్టర్ రేకుల్ని టైటానియంతో, తేనెపట్టు గడుల నమూనాతో చేశారు. కెమెరా వెనక తలుపు తీసి ఆ రేకుల్ని ఒక్కసారి చూడండి, ఎంత శ్రద్ధగా చేశారో అర్థమవుతుంది. తర్వాత వచ్చినవాటిలో అల్యూమినియం రేకులు వేశారు, అవీ బాగానే పనిచేస్తాయి.

బ్యాటరీ మీటర్‌కి మాత్రమే. అది అయిపోతే వ్యూఫైండర్లో ప్లస్, సున్నా, మైనస్ దీపాలు ఆరిపోతాయి. మిగతాదంతా మామూలే.

లెన్సు 105 ఎంఎం ఎఫ్/2.5. మనుషుల ముఖాలకు ఇంతకన్నా నాకు ఇంకోటి అక్కర్లేదు. ఏఐ-ఎస్ రకంలో (నికాన్ మాన్యువల్ లెన్సుల్లో ఒక తరహా) హుడ్, అంటే పక్క వెలుతురుని ఆపే గొట్టం, లెన్సులోనే ఉంటుంది, ముందుకి లాగితే చాలు. ఎదురుగా కూర్చున్న మనిషికీ నాకూ మధ్య రెండు మీటర్లుంటుంది. మాట్లాడుతూనే ఫోకస్ సరిచూసుకోవచ్చు. కంటిరెప్పల మీద పెట్టిన ఫోకస్ అక్కడే నిలబడుతుంది. ఆటోఫోకస్ చతురస్రం ఎటు పరుగెత్తుతుందో అన్న టెన్షన్ ఉండదు.

ఎడమ కంటితో చూసే అలవాటున్న వాళ్లకి ఒక మాట. ఎఫ్‌ఎం2లో మీటర్ వెలగాలన్నా, షట్టర్ లాక్ వదలాలన్నా వైండింగ్ లివర్‌ని (ఫిల్మును ముందుకు జరిపే మీట) కొంచెం బయటికి లాగి ఉంచాలి. అది నుదుటికి గుచ్చుకుంటుంది. కొనే ముందు చేతిలోకి తీసుకుని కంటికి ఆనించి చూసుకోండి.

నలుపుతెలుపు

ఒలింపస్ ఓఎం-1. 1972లో ఎం-1 పేరుతో వచ్చి, లైకా వాళ్లు అభ్యంతరం చెప్పడంతో ఓఎం-1 అయింది. డిజైన్ చేసింది యోషిహిసా మైతానీ. అప్పటి ఎస్‌ఎల్‌ఆర్‌లు (లెన్సులోంచి వచ్చే బొమ్మనే అద్దం ద్వారా కంటికి చూపే కెమెరాలు) బండగా, బరువుగా ఉంటే, వాటిని చిన్నగా తేలిగ్గా చేయాలని పట్టుబట్టి సాధించిన మనిషి. చిన్నది చేశాడు, వ్యూఫైండర్ మాత్రం చిన్నది చేయలేదు. 50 ఎంఎం లెన్సుతో 0.92 రెట్లు, ఫ్రేములో 97 శాతం కనిపిస్తుంది. మొదటిసారి కన్ను పెట్టినవాళ్లు ఒక్క క్షణం ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇందులో షట్టర్ స్పీడు డయల్ పైన ఉండదు, లెన్సు మౌంటు చుట్టూ రింగులా ఉంటుంది. అంటే ఎపర్చర్, ఫోకస్, షట్టర్ స్పీడు మూడూ ఎడమచేతి కింద వరసగా ఉంటాయి. కుడిచేతికి నొక్కడం, రీలు తిప్పడం తప్ప వేరే పని లేదు. అలవాటయ్యాక కెమెరా కంటి దగ్గర నుంచి తీయాల్సిన అవసరమే రాదు.

నా దాని మీద 35 ఎంఎం ఎఫ్/2.8 ఉంటుంది. వీధిలో తీసేటప్పుడు నేను ఫోకస్ రింగు దాదాపు ముట్టుకోను. పాత లెన్సుల మీద దూరాల స్కేలు, దాని కింద రెండు వైపులా ఎపర్చర్ అంకెల గీతలు చెక్కి ఉంటాయి కదా, అదే నా ఆటోఫోకస్. ఎఫ్/8 పెట్టి, దూరాన్ని 5 మీటర్లకి కొంచెం పైన ఉంచితే, సుమారు 2.6 మీటర్ల నుంచి కనుచూపు మేర వరకూ అంతా పదునుగా వస్తుంది. ఎఫ్/11 అయితే 3.7 మీటర్ల దగ్గర పెట్టి, 1.9 మీటర్ల దాకా దగ్గరికి రావచ్చు. ఎవరైనా నవ్వబోతున్నారని తెలిసేలోపు ఫ్రేము పడిపోతుంది. ఈ స్కేలు కొత్త లెన్సుల్లో చాలావాటి నుంచి మాయమవడం నిజంగా నష్టమే.

చిన్న జాగ్రత్త. ఆ గీతలు మామూలు సైజు ప్రింటును దృష్టిలో పెట్టుకుని వేసినవి. పెద్ద ప్రింటు వేయాలనుకుంటే ఎఫ్/8లో తీస్తూ ఎఫ్/5.6 గీతల్నే నమ్మండి.

కొత్తరీలు

అందరికీ నమస్కారం. నేను ఈ లోకానికి కొత్త. మా మావయ్య నాకు పెంటాక్స్ కే1000 ఇచ్చారు, 50 ఎంఎం ఎఫ్/2 లెన్సుతో. చాలా ఏళ్లు బీరువాలో ఉండిపోయిందట. షట్టర్ పడుతోంది, వైండింగ్ లివర్ తిరుగుతోంది. మొదటి రీలు వేసే ముందు ఏమేం చూసుకోవాలి? వెనక తలుపు అంచున నల్లగా జిగురులా ఏదో అంటుకుంటోంది, అదేంటో తెలియడం లేదు.

స్క్రూడ్రైవర్

కొత్తరీలు గారూ, మీకు మంచి కెమెరా దొరికింది. 1976 నుంచి 1997 దాకా తయారు చేశారు. నేర్చుకునేవాళ్ల చేతుల్లో తరాల తరబడి నలిగిన కెమెరా.

ఆ నల్ల జిగురు వెలుతురు లోపలికి రాకుండా పెట్టిన స్పాంజి. ఆ రోజుల్లో వేసిన స్పాంజి కొన్ని దశాబ్దాలకి కరిగి ఇలా తారులా అవుతుంది. ఏ కంపెనీ అయినా ఇదే కథ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది చుట్టిన పుల్ల తీసుకుని మెల్లగా గీకి తీసేయండి. కొత్త స్పాంజి పట్టీలు సైజుకి కత్తిరించినవి దొరుకుతాయి. ఈ పని చేస్తున్నంతసేపూ రెండు చోట్ల వేలు గానీ ఆల్కహాల్ గానీ తగలకూడదు: ఒకటి షట్టర్ గుడ్డ, రెండోది అద్దం. కెమెరా అద్దానికి వెండిపూత పైవైపే ఉంటుంది, తుడిస్తే పూత పోతుంది. అద్దం పైన కూడా చిన్న స్పాంజి పట్టీ ఉంటుంది, అద్దం లేచినప్పుడు దెబ్బ తగలకుండా. అది పొడైపోతే నలుసులు ఫోకసింగ్ స్క్రీన్ మీద పడతాయి. అవి ఫొటోలో రావు కాబట్టి కంగారుపడకండి. గాలి బల్బుతో ఊదండి చాలు.

తర్వాత షట్టర్. ఫిల్ము లేకుండా వెనక తలుపు తెరిచి, లెన్సును ఎఫ్/2లో పెట్టి, వెలుతురున్న కిటికీ వైపు తిప్పి, వెనక నుంచి చూస్తూ 1000 మీద నొక్కండి. మెరుపులా ఒక దీర్ఘచతురస్రం కనిపించాలి, అన్ని మూలలా సమానంగా. ఒక పక్క చీకటిగా ఉంటే షట్టర్‌లోని రెండు గుడ్డ తెరల్లో రెండోది మొదటిదాన్ని అందుకుంటోందని అర్థం. తర్వాత 1 సెకను మీద పెట్టి చెవి దగ్గర పెట్టుకోండి. లోపల పళ్లచక్రం సన్నగా బుర్రుమని ఒకే వేగంతో తిరగాలి. మధ్యలో ఈడుస్తుంటే గ్రీజు ఎండిపోయింది. అన్ని స్పీడ్ల మీదా కాసేపు నొక్కుతూ ఉండండి, చాలా ఏళ్లు కదలకుండా ఉన్న షట్టర్ కొంత వదులవుతుంది. అయినా మారకపోతే విప్పి శుభ్రం చేసి, నూనె వేసి, స్పీడ్లు సరిచేయించాలి.

లెన్సుని టార్చి వెలుతురులో అడ్డంగా చూడండి. సాలెగూడులా దారాలు కనిపిస్తే బూజు. అంచున కొంచెం ఉంటే ఫొటోలో పెద్ద తేడా తెలియదు, కానీ బూజు వదిలే ఆమ్లం పూతని, చివరికి గాజుని తినేస్తుంది. శుభ్రం చేయించేదాకా మిగతా లెన్సులతో కలిపి పెట్టకండి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుంటే అవి ఆలస్యంగా మూసుకుంటాయి, ఫొటోలు అవసరమైనదానికన్నా తెల్లగా వస్తాయి.

ఇంకోటి: మావయ్య గారు తోలు కేసుతో సహా ఇచ్చి ఉంటే కేసు అందంగా ఉందని కెమెరాని అందులోనే ఉంచేయకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది. కెమెరాకి గాలి, వెలుతురు, అప్పుడప్పుడు పని కావాలి.

కే1000లో మీటర్‌కి ఆఫ్ స్విచ్చి లేదు. లెన్సులోకి వెలుతురు పడుతున్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. తీయనప్పుడు మూత పెట్టడమే స్విచ్చి.

నలుపుతెలుపు

స్క్రూడ్రైవర్ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. రీలు ఎక్కించి తలుపు మూశాక, రివైండ్ పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి, లోపలి వదులు తీసేయండి. తర్వాత లివర్ తిప్పినప్పుడల్లా ఆ పిడి వెనక్కి తిరుగుతోందో లేదో చూడండి. తిరుగుతుంటే ఫిల్ము నిజంగా కదులుతోంది. లెక్క చూపే అంకె ఫిల్ము లేకపోయినా కదులుతుంది, దాన్ని నమ్మొద్దు.

అడాప్టర్

నా దారి కొంచెం వేరు. ఫిల్ము బాడీ లేదు, పాత లెన్సులు మాత్రం ఉన్నాయి. అన్నీ మిర్రర్‌లెస్ డిజిటల్ మీదే వాడతాను. ఎక్కువగా హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్/2. జైస్ వాళ్ల 1930ల నాటి బయోటార్ నమూనాని ఆధారం చేసుకుని సోవియట్ యూనియన్‌లో తయారైంది, జెనిట్ కెమెరాలతో పాటు కుప్పలు తెప్పలుగా వచ్చింది.

దీనిలో ఎపర్చర్‌కి రెండు రింగులు. ఒకటి ఎంత మూసుకోవాలో ముందే నిర్ణయించి పెడుతుంది, రెండోది ఏ క్లిక్కూ లేకుండా తెరుస్తుంది, మూస్తుంది. తెరిచి ఫోకస్ చేసి, కన్ను తీయకుండా రెండో రింగు ఆగేదాకా తిప్పితే సరిగ్గా మనం అనుకున్న చోట ఆగుతుంది.

అందరూ చెప్పే ఆ సుడి తిరిగే నేపథ్యం గురించి: ఊరికే ఎఫ్/2లో తీస్తే రాదు. మనిషి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో ఉండాలి, వెనక కొన్ని మీటర్ల అవతల ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలుగా కనిపించాలి. అప్పుడు అంచుల దగ్గర ఆ చుక్కలు కోలగా సాగి, మనిషి చుట్టూ తిరుగుతున్నట్టు వస్తాయి. పూర్తి ఫ్రేము సెన్సర్ మీదే బాగా తెలుస్తుంది. చిన్న సెన్సర్ అంచుల్ని కోసేస్తుంది, సుడి ఉండేదే అక్కడ.

నలుపుతెలుపు

అడాప్టర్ గారూ, మీ ఆనందం మీది, ఫొటోలు కూడా బాగుంటాయని నమ్ముతాను. కానీ డిజిటల్ మీద పెట్టినప్పుడు పాత లెన్సు ఒక ఎఫెక్టుగా మారిపోతుందని నా అభిప్రాయం. స్క్రీన్ మీద పది రెట్లు పెద్దది చేసి, అంచులకు రంగు గీతలు వేయించుకుని ఫోకస్ చేస్తాం. తీశాక వెంటనే చూస్తాం, నచ్చకపోతే మళ్లీ తీస్తాం. ఆ లెన్సు ఒక మంచి వ్యూఫైండర్‌తో, గ్రౌండ్ గ్లాసు (వ్యూఫైండర్లోని గరుకు గాజు తెర) మీద బొమ్మ తేలడాన్ని కన్ను పసిగట్టడంతో కలిపి తయారైంది. ఆ సగం పోతోంది.

అడాప్టర్

సగం పోతుందన్నది ఒప్పుకోను. నాకు ఆ గాజు ఏం చేస్తుందో తెలిసింది డిజిటల్ వల్లే. ఎఫ్/2, ఎఫ్/2.8, ఎఫ్/4 వరసగా తీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఏ లెన్సు ఎక్కడ మారుతుందో తెలుస్తుంది. హీలియోస్ ఎఫ్/4కి వచ్చేసరికి మధ్యభాగం చాలా పదునెక్కుతుంది, సుడి దాదాపు పోతుంది. ఇదే విషయం ఫిల్ము మీద నేర్చుకోవాలంటే రీళ్లకు రీళ్లు కావాలి, ప్రతి ఫ్రేముకీ నోటు పుస్తకంలో రాసుకోవాలి.

ఇంకో సంగతి. పాత బాడీలు లోపలి భాగాలు దొరక్క ఒక్కొక్కటీ ఆగిపోతాయి. లెన్సులు ఇంకా చాలాకాలం ఉంటాయి. వాటికి కొత్త ఇల్లు దొరకడం మంచిదే కదా.

షట్టర్‌శబ్దం

ఇద్దరి మాటా నాకు నచ్చింది. అడాప్టర్లు (ఒక మౌంటు లెన్సుని వేరే బాడీకి కలిపే గొట్టాలు) కొనబోయేవాళ్ల కోసం లెక్క ఒకటి రాస్తాను. ప్రతి మౌంటుకీ లెన్సు ఆనే అంచు నుంచి ఫిల్ము దాకా ఒక నిర్ణీత దూరం ఉంటుంది. ఎం42 స్క్రూ మౌంటుకి (గాజుకన్ను గారి తకుమార్‌ది ఇదే) 45.46 ఎంఎం, నికాన్ ఎఫ్‌కి 46.5, కెనాన్ ఎఫ్‌డీకి 42, కెనాన్ ఈఎఫ్‌కి 44. మిర్రర్‌లెస్‌లకి చాలా తక్కువ: సోనీ ఈకి 18, నికాన్ జెడ్‌కి 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌కి 20. లెన్సు దూరం బాడీ దూరం కన్నా ఎక్కువుంటే మధ్యలో గొట్టం పెట్టి సరిచేయవచ్చు. తక్కువుంటే కుదరదు.

అందుకే తకుమార్ కెనాన్ ఈఎఫ్ బాడీ మీద చక్కగా కూర్చుంటుంది, నా నికాన్ మీద మాత్రం దూరపు కొండలు ఎప్పటికీ ఫోకస్‌లోకి రావు. అడాప్టర్లో గాజు ముక్క పెట్టి సరిచేసినవి ఉన్నాయి గానీ, మంచి లెన్సు వెనక నాసి గాజు పెట్టడం నాకు మనసొప్పదు. ఎఫ్‌డీ లెన్సులకి ఈఎఫ్ మీద ఇదే ఇబ్బంది. మిర్రర్‌లెస్ వచ్చాకే వాటికి మళ్లీ గిరాకీ పెరిగింది.

నికాన్‌లోనే ఇంకో చిక్కు ఉంది. 1977కి ముందు వచ్చిన, ఏఐ (లెన్సు పెట్టిన ఎపర్చర్‌ని బాడీకి తెలిపే నికాన్ పద్ధతి) రకంగా మార్చని లెన్సుల్ని ఎఫ్‌ఎం2 మీద పెట్టకండి. బాడీ మీదున్న చిన్న కొక్కెం దెబ్బతింటుంది. పాత ఎఫ్‌ఎం, ఎఫ్ఈల్లో ఆ కొక్కేన్ని పైకి మడవొచ్చు, ఎఫ్‌ఎం2లో మడవలేం.

చీకటిగది

నా పని తీయడం కన్నా కడగడం, ప్రింటు వేయడం. ఆ వైపు నుంచి చెబుతాను.

ఒకే పూత ఉన్న పాత లెన్సులు ఎండలో కొంచెం వెలుతురుని లోపలే చెదరగొడతాయి. దాంతో నీడల్లోకి కొంత తెలుపు చేరుతుంది, కాంట్రాస్టు తగ్గుతుంది. చాలామంది దీన్ని లోపం అంటారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన నెగటివ్ ప్రింటు చేసేటప్పుడు నాకది వరంలా ఉంటుంది, నీడల్లో వివరం చచ్చిపోకుండా కాగితం మీదకి దిగుతుంది. ట్రై-ఎక్స్ ఫిల్ముని డీ-76 డెవలపర్‌లో, సమానంగా నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర తొమ్మిది ముప్పావు నిమిషాలు కడిగితే వచ్చే బూడిదరంగుల మెట్లు ఆ లెన్సులతో ఎంతో మెత్తగా ఉంటాయి. డీ-76 ఫార్ములా 1927 నాటిది, ఇప్పటికీ దాన్ని మార్చాలని నాకు అనిపించలేదు.

అయితే వెలుతురు ఎదురుగా ఉన్నప్పుడు హుడ్ తప్పనిసరి. అక్కడ చెదిరే వెలుతురు ఫ్రేమంతా పొగ కమ్మినట్టు చేస్తుంది.

గాజుకన్ను గారూ, మీ తకుమార్ పసుపెక్కిన రకమేనా?

గాజుకన్ను

అవునండీ, ఏడు గాజుల రకం. మొదట వచ్చిన ఎనిమిది గాజుల రకంలో ఈ సమస్య లేదు. తర్వాతిదాంట్లో ఒక గాజులో థోరియం ఆక్సైడ్ కలిపారు, కాంతిని బాగా వంచుతూ రంగుల్ని తక్కువ చెదరగొట్టే గాజు కోసం. థోరియం రేడియోధార్మికత వల్ల ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజే తేనెరంగుకి తిరుగుతుంది.

కొత్తరీలు

రేడియోధార్మికతా! ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదం కాదా?

గాజుకన్ను

మోతాదు చాలా తక్కువ. కెమెరా మీద పెట్టుకుని తీసేవాళ్లు భయపడాల్సిన పని లేదు. గాజుని అరగదీయడం, పొడి చేయడం, కంటికి ఆనించే భూతద్దంలా రోజూ వాడటం మాత్రం చేయకూడదు.

పసుపు పోవాలంటే అతినీలలోహిత కాంతి చాలు. చాలామంది కిటికీ ఎండలో కొన్ని రోజులు, వారాలు ఉంచుతారు. అలా చేసేవాళ్లు ఒకవైపు అల్యూమినియం ఫాయిల్ తప్పకుండా మూయండి. లెన్సు ఎండని ఒకచోటికి చేర్చి మంట పెట్టగలదు. నేను చిన్న యూవీ ఎల్ఈడీ దీపం కింద పెట్టాను, ఎండ వేడికి లోపలి గ్రీజు కరిగి రేకుల మీదకి పాకే భయం ఉండదని. రోజురోజుకీ రంగు తగ్గుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. నలుపు తెలుపు మాత్రమే తీసేవాళ్లు ఆ రంగుని అలాగే ఉంచుకున్నా నష్టం లేదు, పలచని పసుపు ఫిల్టర్‌లా ఆకాశాన్ని కాస్త ముదురు చేస్తుంది.

స్క్రూడ్రైవర్

బ్యాటరీల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, నలుపుతెలుపు గారి ఓఎం-1 లాంటివి కొనేవాళ్లు అడుగుతుంటారు. ఆ కాలపు మీటర్లు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి తయారైనవి. పాదరసం విషమని వాటిని ఆపేశారు. అదే సైజు ఆల్కలైన్ 1.5 వోల్టులు ఇస్తుంది, పైగా వాడేకొద్దీ పడిపోతుంది. మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ వెలుతురు ఉందనుకుని చీకటి ఫొటోలు తెప్పిస్తుంది. వినికిడి యంత్రాల్లో వేసే 675 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ దగ్గరగా సరిపోతుంది, చుట్టూ చిన్న రింగు పెట్టాలి. గాలితో పనిచేస్తుంది కాబట్టి స్టిక్కర్ తీశాక కొన్ని నెలలే. స్పాట్‌మాటిక్‌ సర్క్యూట్ బ్రిడ్జి తరహాది, వోల్టేజి కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోదు. కే1000కి ఎల్ఆర్44 వేస్తే సరి.

ఎండపదహారు

మీటర్ గొడవే లేకుండా తీయమంటాను నేను! కొత్తరీలు గారూ, మంచి ఎండలో ఎఫ్/16 పెట్టండి, షట్టర్ స్పీడు ఫిల్ము ఐఎస్ఓకి (వెలుతురుకి ఫిల్ము ఎంత సున్నితమో చెప్పే అంకె) దగ్గరగా పెట్టండి. 400 ఫిల్ము అయితే 500వ వంతు. పలచని మబ్బుకి ఎఫ్/11, మబ్బు పడితే ఎఫ్/8, ఆకాశం కనిపించే నీడలో ఎఫ్/4. కలర్ నెగటివ్ గానీ నలుపు తెలుపు గానీ ఒక స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువ వెలుతురుని హాయిగా భరిస్తుంది, తక్కువని భరించదు. సందేహమొస్తే ఒక మెట్టు తెరవండి. స్లైడ్ ఫిల్ముకి మాత్రం ఈ ధీమా పనికిరాదు.

కొన్నాళ్లు ఇలా తీస్తే గదిలోకి అడుగుపెడుతూనే చెయ్యి రింగుని తిప్పేస్తుంది. మీటర్ని అప్పుడు వాడండి, మీ అంచనాని సరిచూసుకోవడానికి.

కొత్తరీలు

అందరికీ ధన్యవాదాలు. స్పాంజి మార్చాను. రీలు వేసి తీశాను, ఈరోజే స్కాన్లు వచ్చాయి. కిటికీ పక్కన మా నానమ్మని తీసినవి చాలా బాగా వచ్చాయి, ముడతలన్నీ తెలుస్తున్నాయి! స్ప్లిట్ ఇమేజ్ (ఫోకస్ కుదిరితే రెండు ముక్కలు కలిసిపోయే గుర్తు) లేకపోయినా వ్యూఫైండర్ మధ్యలోని మైక్రోప్రిజం మెరుపు ఆగిపోయే చోట ఆపితే ఫోకస్ సరిగ్గా కుదిరింది.

ఒక సమస్య. బయట ఎండలో 1000 మీద తీసిన ఫ్రేములన్నిటికీ ఒక పక్క అంచు చీకటిగా ఉంది. ఇంట్లో 60 మీద, 125 మీద తీసినవాటికి లేదు. స్పాంజి సరిగ్గా అతకలేదా?

స్క్రూడ్రైవర్

స్పాంజి కాదండీ. వెలుతురు లోపలికి కారితే ఫ్రేము మీద తెల్లని లేదా ఎర్రని చారలు వస్తాయి, చీకటి రాదు. మీది నేను పైన చెప్పిన తెరల జబ్బే. ఎక్కువ స్పీడులో రెండు తెరల మధ్య సందు చాలా సన్నగా ఉంటుంది. మొదటి తెర చివర్లో ఈడుస్తుంటే రెండోది దాన్ని అందుకుని ఆ పక్కని మూసేస్తుంది. తక్కువ స్పీడులో సందు వెడల్పు కాబట్టి తెలియదు. 500 మీద ఎలా ఉందో ఫిల్ము లేకుండా చూడండి. స్ప్రింగు బిగువు మీరే పెంచే ప్రయత్నం చేయొద్దు. శుభ్రం చేయకుండా బిగిస్తే ఆ గుడ్డ తెరలు దెబ్బతింటాయి. తెలిసినవాళ్లకి ఇచ్చి శుభ్రం చేయించండి, ఆ కెమెరాకి అంత శ్రద్ధ దక్కాల్సిందే.

కొత్తరీలు

చూశాను. 500 మీద అంచు కొంచెం మసకగా ఉంది, 250 మీద శుభ్రంగా ఉంది. బాగుచేయించే లోపు తీయడం ఆపాలని లేదు. ఎండపదహారు గారి లెక్క ప్రకారం 100 ఫిల్ము వేస్తే ఎండలో 125 దగ్గర ఎఫ్/16, 250 దగ్గర ఎఫ్/11. అంటే 250 దాటాల్సిన అవసరమే రాదు కదా?

ఎండపదహారు

రాదు. వేసేయండి 100.